ఎదకాలంలో ఎల్క్‌ని పిలవడం: మొదటి కూత నుంచి బాణం దాకా

ఎల్క్ అంటే ఉత్తర అమెరికా కొండల్లో తిరిగే పెద్ద జింక. ఎదకాలంలో మగది, అంటే పోతు, వేసే కూతను బ్యూగుల్ అంటారు. ఆ మంద కూతలను అనుకరించి పోతును బాణం అందే దూరానికి రప్పించడమే ఈ విద్య. ఆగస్టు వచ్చిందంటే నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "బ్యూగుల్ బాగానే వస్తోందండీ, పోతు జవాబు కూడా ఇస్తోంది. కానీ డెబ్బై గజాల దగ్గర ఆగిపోయి, అటూ ఇటూ చూసి వెళ్ళిపోతోంది. నా కూతలో తప్పేంటి?"

చాలాసార్లు కూతలో తప్పేమీ ఉండదు. కూర్చున్న చోటులో ఉంటుంది. అందుకే ఇక్కడ గొంతు గురించి ఎంత రాశానో గాలి గురించి, చెట్ల గురించి, ఎక్కడ కూర్చోవాలన్నదాని గురించి అంతకన్నా ఎక్కువ రాశాను.

నేను చెప్పేది కొలరాడో కొండల్లో విల్లుతో వేట గురించి. అమెరికాలో ఎల్క్ అన్నిటికన్నా ఎక్కువ ఉన్న రాష్ట్రం ఇదే. మోంటానా, వయోమింగ్, ఐడహోల్లోనూ పిలిచే పద్ధతి ఇదే, చట్టాలు మాత్రం వేరు. మగదాన్ని ఇక్కడివాళ్ళు బుల్ అంటారు, నేను పోతు అంటాను.

ఒక మాట ముందే చెప్పాలి. సెలవులకు ఇంటికెళ్ళి నల్లమలలో కణుజు మీద ప్రయత్నించే విద్య కాదిది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దగ్గర అది నేరం.

1. ముందు కాగితాలు

ఈ పని విసుగే, కానీ దీంట్లో తప్పితే మిగతాదంతా వృథా.

- కొలరాడోలో 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన ఎవరికైనా హంటర్ ఎడ్యుకేషన్ కార్డు ఉంటేనే లైసెన్సు. క్లాసు చలికాలంలోనే పూర్తిచేయండి, ఎందుకంటే లైసెన్సులు పంచే లాటరీకి దరఖాస్తు గడువు ఏప్రిల్ మొదటి మంగళవారం.
- స్థానికుల ధరకు లైసెన్సు కావాలంటే దరఖాస్తుకు ముందు వరుసగా ఆరు నెలలు ఇక్కడే కాపురం ఉండాలి.
- విల్లు సీజన్ ఈ మధ్య ఏళ్ళలో సెప్టెంబరు 2 నుంచి 30 దాకా నడుస్తోంది. ఆ ఏటి నియమాల పుస్తకం కొలరాడో పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ సైటులో తెరిచి, మీ యూనిట్ (వేట ప్రాంతం) నంబరు దగ్గర వేలు పెట్టి చదవండి.
- బాణం వేయదగిన సమయం సూర్యోదయానికి అరగంట ముందు మొదలై, సూర్యాస్తమయం తర్వాత అరగంటకు ముగుస్తుంది.
- చాలా యూనిట్లలో పోతుకు ఒక కొమ్ము మీద కనీసం 4 మొనలు ఉండాలి, లేదా నుదుటి దగ్గరి మొన కనీసం 5 అంగుళాలు ఉండాలి.
- రికార్డు చేసిన కూతలు, ఎలక్ట్రానిక్ కాల్స్ ఎల్క్ వేటలో నిషిద్ధం. ఫోన్లో విని నేర్చుకోండి, అడవిలో మాత్రం మోగించకండి.

హెచ్-1బి లాంటి వీసా మీదున్నవాళ్ళు తుపాకీ పట్టుకోవడానికి ఫెడరల్ చట్టం అడ్డొస్తుంది. చెల్లే వేట లైసెన్సు చేతిలో ఉన్నవారికి మినహాయింపు ఉంది గానీ, లాయరుతో మాట్లాడకుండా తుపాకీ జోలికి వెళ్ళకండి. విల్లుకు ఆ అడ్డు లేదు. మనవాళ్ళు చాలామంది విల్లుతో మొదలుపెట్టడం మంచిదని నేననేది ఇందుకే. పైగా, ఎల్క్ ఎక్కువగా కూసే రోజులు విల్లు సీజన్‌లోనే పడతాయి.

2. పీకలు, నోటి సాధన

పీక అని నేననేది కూత పుట్టించే సాధనాన్ని. మీకు కావలసినవి మూడే.

డయాఫ్రమ్: గుర్రపు నాడా ఆకారంలో చిన్న చట్రం, దాని మీద బిగించిన లేటెక్స్ పొర, చుట్టూ టేపు. సన్నాయికి పీక ఎలాగో దీనికి ఆ పొర అలాగ. కాకపోతే ఇది మొత్తం నోట్లోనే ఉంటుంది. చేతులు రెండూ విల్లుకు ఖాళీగా ఉంటాయి, దీని గొప్పతనం అదే.

పళ్ళతో కొరికి ఊదే కాల్: ప్లాస్టిక్ నాలుక ఉన్న చిన్న గొట్టం. వారంలో వస్తుంది. డయాఫ్రమ్ పెడితే డోకు వచ్చేవాళ్ళకు ఇదే దారి.

బ్యూగుల్ గొట్టం: కూతకు లోతు, గుండె ఇచ్చేది ఇది.

డయాఫ్రమ్‌ని చట్రం గుండ్రటి వైపు గొంతు దిక్కుగా, పొర తెరిచి ఉన్న అంచు పళ్ళ దిక్కుగా అంగిలికి అతికించండి. పక్కల నుంచి గాలి పోకూడదు. పోతుంటే టేపును కత్తెరతో కొద్దికొద్దిగా కత్తిరించి మీ అంగిలికి సరిచేయండి. నాలుకను పొర మీద తేలిగ్గా ఆనించి, కళ్ళద్దాల మీద ఆవిరి పట్టడానికి వదులుతామే, అలా పొట్టలోంచి గాలి వదలండి. బుగ్గలతో ఊదితే బుసబుస తప్ప ఏమీ రాదు.

జూన్‌లో మొదలుపెట్టి రోజూ పది నిమిషాలు, కారులో ఒంటరిగా ఉన్నప్పుడు:

- మొదటి వారం: ఒకే స్వరం, అయిదు సెకన్లు, వణకకుండా.
- రెండో వారం: పైస్వరం నుంచి కిందికి జారడం. ఇదే ఆడ ఎల్క్ కూత, దీన్ని మ్యూ అంటారు.
- మూడో వారం: కింది నుంచి పైకి. నాలుక ఒత్తిడి పెంచుతూ పోవాలి.
- నాలుగో వారం నుంచి: గొట్టంతో బ్యూగుల్.

చాలామంది నాలుగో వారంతోనే మొదలుపెడతారు. సరిగమలు రాకుండా కీర్తన ఎత్తుకున్నట్టు ఉంటుంది. ఆడ ఎల్క్ మ్యూ ఒక్కటి శుద్ధంగా వస్తే చాలు, దాంతోనే మొదటి పోతు రావచ్చు.

అసలు గొంతు వినడానికి రాకీ మౌంటెన్ నేషనల్ పార్కుకు వెళ్ళండి. డెన్వర్ నుంచి రెండు గంటల లోపే. సెప్టెంబరు మూడో వారంలో సాయంత్రం మొరేన్ పార్క్ పచ్చికల అంచున నిలబడితే ఒక్క గంటలో అన్ని కూతలూ వినపడతాయి. పీక మాత్రం కారులో వదిలేసి వెళ్ళండి. పార్కులో వేట లేదు, అక్కడ ఎల్క్‌ని కూసి పిలవడమూ నేరమే.

వాడిన పీకను నీళ్ళతో కడిగి, పొరలు అతుక్కోకుండా మధ్యలో పంటిపుల్ల పెట్టి, డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో దాచండి. కారు డాష్‌బోర్డు మీద ఎండలో పడేస్తే వారంలో పాడవుతుంది.

3. నేర్చుకోవలసిన కూతలు

మ్యూ. ఎత్తున మొదలై జారే ఒక సెకను కూత. "ఈ...యా" అన్నట్టు ఉంటుంది. మంద తిరిగేటప్పుడు ఒకదాన్నొకటి పలకరించుకునే మాట. దూడది ఇంకా పొట్టిగా, ఇంకా పైస్వరంలో ఉంటుంది. ఒక్క పీకతోనే ఆడదీ దూడా రెండూ పలికితే మందగా వినిపిస్తుంది.

ఎద మూలుగు. అదే మ్యూని రెండు మూడు సెకన్లు సాగదీసి, కొంచెం వేడుకోలుగా. ఆడది ఎదలో ఉండేది ఒక రోజు లోపే. ఆ తొందర కూతలో వినపడాలి. అతిగా వాడేది కూడా దీన్నే. గంటకు రెండుసార్లకు మించొద్దు.

వెతుకులాట బ్యూగుల్. కిందిస్వరం, దాని మీంచి పైకి, పైన రెండు మూడు సెకన్లు నిలిపి, కిందికి వదిలేయడం. చివర గుర్రు ఉండదు. "ఎవరక్కడ?" అని అడగడం, అంతే.

సవాలు బ్యూగుల్. పొట్టిగా, గరగరగా, కోపంగా. వెనకే "హ్యా, హ్యా, హ్యా" అని డొక్కలోంచి గుర్రులు. పోతు వంద గజాల్లో ఉంటే తప్ప దీన్ని బయటకు తీయకండి.

అయిదోది కూత కాదు, కొమ్మ రాపిడి. చేతి మందం ఎండు కర్రతో చిన్న చెట్టు బెరడును గీకి, కొమ్మలు విరిచి, నేలను తన్నడం. కొత్తవాళ్ళు సిగ్గుపడి రెండుసార్లు గీకి ఆపేస్తారు. నిజమైన పోతు అయిదు నిమిషాల పాటు చెట్టును చీల్చిపారేస్తుంది. బ్యూగుల్ విని విని విసిగిపోయిన పోతు కూడా ఈ చప్పుడుకు నమ్మి వస్తుంది. ఒక్కటే ఎంచుకోమంటే నేను సవాలు బ్యూగుల్ వదిలేసి దీన్ని ఉంచుకుంటాను.

4. గాలి

ఎల్క్ కంటిని మోసం చేయొచ్చు, చెవిని మోసం చేయొచ్చు. ముక్కును చేయలేరు. వాసన తగిలిందా, ఆ లోయలో ఆ రోజుకు పని అయిపోయినట్టే.

కొండల్లో గాలికి రోజువారీ క్రమం ఉంటుంది. తెల్లవారుజామున చల్లటి గాలి బరువుగా లోయలోకి దిగుతుంది. ఎండ వాలుకు తగిలాక, సుమారు తొమ్మిది పది గంటలకు, వేడెక్కి పైకి ఎక్కడం మొదలుపెడుతుంది. సాయంత్రం నీడ పడగానే మళ్ళీ కిందికి. ఈ మార్పు జరిగే అరగంట సేపు గాలి నాలుగు దిక్కులా తిరుగుతుంది. అప్పుడు కూయకండి, కదలకండి.

గాలి చూడడానికి పొడి చల్లే చిన్న సీసా అమ్ముతారు. దానికన్నా మిల్క్‌వీడ్ కాయలోని దూది మేలు. అది మన జిల్లేడు చుట్టమే. చిన్నప్పుడు జిల్లేడు దూది ఊది ఆడుకున్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు. పొడి అయిదడుగుల్లో మాయమవుతుంది. ఈ దూది పింజ అరవై గజాలు తేలుతూ పోయి, ఏ చెట్టు దగ్గర మలుపు తిరుగుతోందో, ఎక్కడ కిందికి దిగుతోందో కళ్ళకు కట్టి చూపిస్తుంది. ప్రతి పది నిమిషాలకు ఒకటి వదలండి.

5. పోతును వెతకడం

తెల్లవారడానికి గంటన్నర ముందే ఎత్తైన గట్టు మీదో, అటవీ రోడ్డు మలుపులోనో ఉండండి. ముందు పదిహేను నిమిషాలు వినండి. వాటంతట అవే కూస్తుంటే మీరు నోరు తెరవాల్సిన పనేముంది?

నిశ్శబ్దంగా ఉంటే ఒక వెతుకులాట బ్యూగుల్, రెండు నిమిషాల మౌనం, దిక్కు మార్చి ఇంకొకటి. జవాబు లేకపోతే పావుమైలు నడిచి మళ్ళీ.

పొద్దెక్కాక ఉత్తరం వైపు వాలుల్లో, చీకటిగా ఉండే స్ప్రూస్ చెట్ల మధ్య, వాలు మధ్యలో మెట్టులా ఉండే చదును స్థలాల్లో పడుకుంటాయి. దగ్గర్లో బురదగుంట ఉంటే చూడండి. అంచున నీళ్ళు ఇంకా మురికిగా ఉండి, పక్క చెట్టు బెరడు తడిగా ఊడి ఉంటే, పోతు పొద్దున్నే వచ్చి వెళ్ళిందన్నమాట. ఆ ఘాటైన మూత్రం వాసన ఒకసారి ముక్కుకు పడితే జీవితంలో మరిచిపోరు.

మీకు వచ్చే జవాబు ఇంకో వేటగాడిది కావచ్చు. మరీ శుద్ధంగా, ప్రతిసారీ ఒకేలా, రోడ్డు వైపు నుంచి వస్తుంటే అనుమానించండి. కనబడితే చెయ్యి ఊపి మనిషి గొంతుతో పలకరించండి. విల్లు సీజన్ మధ్యలో మజిల్‌లోడర్ (గొట్టం మూతి నుంచి మందు కూరే తుపాకీ) సీజన్ కూడా కొన్ని రోజులు నడుస్తుంది. నడిచేటప్పుడు నారింజ టోపీ పెట్టుకోవడం నా అలవాటు.

6. ఎక్కడ కూర్చోవాలి

పోతు జవాబిచ్చింది. ఇప్పుడు ఉన్నచోటే కూర్చుని గంటసేపు మాట్లాడుకోవడం పెద్ద తప్పు. ఆడ మంద ఉన్న పోతు అర మైలు దూరం రాదు. దాని దగ్గర ఉన్నవాటిని వదిలి, ఎందుకొస్తుంది? మీరే దాని ఇంటి ముందుకు వెళ్ళాలి. చప్పుడు చేయకుండా 150 గజాల లోపుకు, అడవి దట్టంగా ఉంటే వంద లోపుకు. దాని ఎత్తులోనో, కొంచెం పైనో ఉండండి. కింది నుంచి పిలిస్తే దిగి రావడానికి బద్ధకిస్తుంది.

ఇక అసలు విషయం. పోతు వచ్చేది కూత వినపడ్డ చోటుకి కాదు. కూత వినపడ్డ చోటు కనబడే చోటుకి. అక్కడ నిలబడి, "ఇక్కడ ఒక ఆడ ఎల్క్ కనబడాలే" అని చూస్తుంది. కనబడకపోతే ఆగిపోతుంది. ఆ కనబడే చోటు మీ బాణం అందే దూరానికి బయట ఉంటే, మీరెంత బాగా కూసినా దొరకదు.

కొన్నేళ్ళ కిందట మా బావా నేనూ ఒక ఆస్పెన్ తోపు అంచున కూర్చున్నాం. ముందంతా తెరిపి, మాకు బాగా కనబడుతుందని సంబరం. బావ నా మోచేతి పక్కనే. పోతు పరుగున వచ్చింది. పొట్ట కింద బురద ఇంకా కారుతోంది, నోట్లోంచి ఆవిరి. అరవై అయిదు గజాల దగ్గర గట్టు అంచున ఆగి, సరిగ్గా నా మొహం ఉన్న చోటుకే చూసింది. నాలుగు నిమిషాలు కదల్లేదు. తర్వాత మెల్లగా తిరిగి వెళ్ళిపోయింది. ఆ నాలుగు నిమిషాల్లో నేను ఇంకో నాలుగు మ్యూలు కూశాను. ప్రతి మ్యూకూ దాని చెవి ఒకటి తిరగడం, అయినా కాలు కదపకపోవడం నాకిప్పటికీ కళ్ళ ముందుంది.

మర్నాడు అదే కొండ, అవతలి వాలు.

"బావా, నువ్వు ఆ పడిపోయిన చెట్టు దగ్గర ఉండు. నేను వెనక్కెళ్ళి మెట్ట దాటి కూస్తా."

"అంత దూరం నుంచి దానికి వినపడుద్దా?"

"దానికి మైలు దూరం నుంచి వినపడుద్ది. నువ్వు మాత్రం కదలకు."

నేను యాభై గజాలు వెనక్కి, మెట్ట అవతల పల్లంలో కూర్చున్నాను. పోతుకు నా చోటు కనబడాలంటే మెట్ట ఎక్కాలి. ఎక్కాలంటే బావ ముందు నుంచి పోవాలి. ఇరవై రెండు గజాల్లో పోయింది. అది నిన్న చూసిన పోతేనో కాదో చెప్పలేను, పీక మాత్రం నిన్నటిదే.

ఇద్దరున్నప్పుడు ఎలా కూర్చోవాలంటే:

- కూసేవాడు వెనక, బాణం వేసేవాడు 40 నుంచి 60 గజాలు ముందు. మధ్యలో మెట్ట, చెట్ల గుంపు, మలుపు ఏదో ఒకటి అడ్డు ఉండాలి.
- పోతు చివరి క్షణంలో గాలి వీచి పోయే వైపు నుంచి చుట్టు తిరిగి, కూసేవాడి వాసన పట్టాలని చూస్తుంది. గాలి ఎడమ నుంచి కుడికి వీస్తుంటే, బాణం వేసేవాడు ముందుకే కాదు, కుడి పక్కకు కూడా 20 నుంచి 30 గజాలు జరగాలి. పోతు అతని వాసన గీతను తాకకముందే అతని ముందు నుంచి దాటాలి.
- పొద వెనక కాదు, పొద ముందు కూర్చోండి. ఆకారం పొదలో కలిసిపోతుంది, విల్లుకు అడ్డూ ఉండదు.
- నీడలో కూర్చోండి. సూర్యుడు వీపు వైపు ఉంటే ఇంకా మంచిది.

ఒంటరిగా ఉన్నవాళ్ళు మొహం వెనక్కి తిప్పి, గొట్టాన్ని వెనకటి అడవిలోకి గురిపెట్టి కూయండి. కూత దూరం నుంచి వచ్చినట్టు ఉంటుంది. కొంచెం చెట్టు గీకి, చప్పుడు లేకుండా ముప్పై గజాలు ముందుకు జరిగి కూర్చుని, నోరు మూసుకోండి. పోతు మీరు కూసిన పాత చోటుకు వెళుతూ మీ పక్క నుంచి పోతుంది.

మొదటి కూతకు ముందు ఇవి సరిచూసుకోండి:

☐ దూది వదిలి గాలి చూశాను
☐ పోతు ఆగి చూసే చోటు 40 గజాల లోపే ఉంది
☐ మూడు చెట్లకు రేంజ్‌ఫైండర్‌తో దూరం కొలిచాను
☐ బాణం నారి మీద ఉంది
☐ కాళ్ళ కింద ఎండుటాకులు తుడిచాను
☐ విల్లు లాగితే కొమ్మ తగలదు

7. పిలుపు వరుస, రోజులను బట్టి

సెప్టెంబరు మొదటి పది రోజులు. పోతులు ఇంకా ఒంటరిగా తిరుగుతూ ఎవరెక్కడ ఉన్నారో చూసుకుంటుంటాయి. సవాలు చేస్తే తప్పుకుంటాయి. మెత్తటి మ్యూలు రెండు, పది నిమిషాల మౌనం, ఒక దూడ కూత, కొంచెం కొమ్మ రాపిడి. నలభై అయిదు నిమిషాలు కదలకండి. ఈ రోజుల్లో వచ్చే పోతు చాలాసార్లు ఒక్క మాటా పలకకుండా వస్తుంది. "ఏమీ రాలేదు" అని లేచి నిలబడినప్పుడే ముప్పై గజాల్లో కొమ్ములు కనబడతాయి.

సెప్టెంబరు 12 నుంచి 25 దాకా. ఎద ఉధృతంగా ఉండే రోజులు. దగ్గరకు చేరాక, నిమిషాల వారీగా నేను చేసేది ఇది:

- మొదటి నిమిషం: రెండు మ్యూలు, మామూలు గొంతుతో.
- మూడో నిమిషం: దూడ కూత ఒకటి, మ్యూ ఒకటి. కాలితో చిన్న కొమ్మ విరవాలి.
- అయిదో నిమిషం: ఎద మూలుగు, సాగదీసి.
- ఆరో నిమిషం: చిన్న పోతులా బొంగురు, బలహీనమైన బ్యూగుల్. పెద్ద పోతుకు, తన గుమ్మం ముందు ఒక కుర్రది ఎదలో ఉన్న ఆడదానితో ఉందని అర్థం కావాలి.
- ఏడు నుంచి పన్నెండు దాకా: కొమ్మ రాపిడి, మధ్యలో ఒక మ్యూ.
- తర్వాత ఇరవై నిమిషాలు మౌనం.

ఈ వరుసకు పోతు కోపంగా, మీ కూత మధ్యలోనే అడ్డొచ్చి కూస్తే, అప్పుడు సవాలు బ్యూగుల్. అది కూత మొదలుపెట్టగానే మీరు దాని మీద అరిచి కూతను తొక్కేయండి. తర్వాత గురి చూసుకుని ఉండండి, వచ్చేది పరుగునే.

నెలాఖరు. నెల రోజులుగా ప్రతి వేటగాడి గొట్టమూ విని చెవులు పండిపోయి ఉంటాయి. బ్యూగుల్ ఆపేయండి. మధ్యాహ్నం అవి పడుకునే చోటికి గాలి చూసుకుని చేరి, రాపిడి, ఒకటి రెండు మ్యూలతో సరిపెట్టండి. మొదటి విడత చూలు నిలవని ఆడవి సుమారు మూడు వారాలకు మళ్ళీ ఎదకు వస్తాయి కాబట్టి, చల్లబడిందనుకున్న లోయ అక్టోబరు మొదట్లో హఠాత్తుగా మళ్ళీ మోగుతుంది. కొలరాడోలో అప్పటికి విల్లు సీజన్ ముగుస్తుంది గానీ, వేరే రాష్ట్రాల్లో వేటాడేవాళ్ళు గుర్తుంచుకోండి.

8. జవాబును అర్థం చేసుకోవడం

- ప్రతి కూతా ముందటిదానికన్నా దూరం నుంచి వస్తోందా? ఆడవాటిని తోలుకుని వెళ్ళిపోతోంది. కూత ఆపి, గాలి చూసుకుని పక్క నుంచి చుట్టు తిరిగి దాని ముందుకు చేరండి.
- ఉన్నచోటే నిలబడి కూస్తోందా? పక్కన ఆడవి ఉన్నాయి. మీరు ఇంకో యాభై గజాలు దగ్గరవ్వాలి.
- ఖాళీ కుండ మీద అరచేత్తో తట్టినట్టు "గ్లక్, గ్లక్" అని లోపలి శబ్దం వినపడుతోందా? ఆడదాని వెనకే ఉంది. మీరు చాలా దగ్గరలో ఉన్నారు, కదలొద్దు.
- హఠాత్తుగా నిశ్శబ్దమా? సగం సార్లు వస్తోందని అర్థం. ఇరవై నిమిషాలు ఓపిక పట్టండి.
- కుక్క అరుపు లాంటి ఒక్క గట్టి "భౌ"? మిమ్మల్ని చూసింది, లేదా అనుమానించింది. ఒక మ్యూ కూసి చూడొచ్చు, కానీ నేనైతే లేచి వేరే లోయకు పోతాను. అక్కడే ఉండి మందను బెదరగొడితే మర్నాటికి కూడా దొరకదు.

9. జరిగే తప్పులు, దిద్దుకునే తీరు

ఎక్కువ కూయడం. జవాబు వచ్చిన ఆనందంలో ఊదుతూనే ఉంటారు. పోతు మీ వైపు నడుస్తుంటే పీకను చెంపకు తోసేసి ఊరుకోండి. మళ్ళీ ఆగితేనే ఒక చిన్న మ్యూ.

ఒకే గొంతు. అయిదు నిమిషాలు ఒకే మ్యూ వస్తే ఒంటరి పిచ్చి ఎల్క్ ఒకటి చెట్టుకు కట్టేసి ఉన్నట్టు వినపడుతుంది. తల అటూ ఇటూ తిప్పండి, గొంతు మార్చండి, రెండడుగులు నడవండి. ఎల్క్ నడిస్తే ఆకులు చప్పుడవుతాయి. ఆ చప్పుడు మీరు కూడా చేయొచ్చు.

చూస్తుండగా విల్లు లాగడం. పోతు తల చెట్టు వెనక్కి వెళ్ళినప్పుడే లాగాలి. లాగాక రెండు నిమిషాలు పట్టి ఉంచాల్సి రావచ్చు, విల్లు లాగే బరువును అందుకు తగ్గట్టే పెట్టుకోండి.

పీక తడబాటు. చలికి, కంగారుకి నోరు ఎండిపోయి కూత కీచుమంటుంది. గుక్కెడు నీళ్ళు తాగండి. తప్పు కూత పడ్డా కంగారు వద్దు, దూడలు ఇంతకన్నా వింతగా కూస్తాయి.

ఎలుగును మరిచిపోవడం. మోంటానా, వయోమింగ్, ఐడహోల్లో గ్రిజ్లీ ఉన్న ప్రాంతాల్లో మీరు కూసేది దానికి భోజనం పిలుపు. వీపు వెనక చెట్టు ఉంచుకుని, బేర్ స్ప్రే సంచిలో కాకుండా నడుముకి పెట్టుకోండి. కొలరాడోలో నల్ల ఎలుగు, మూస్ (ఎల్క్ కన్నా పెద్ద జింక) ఉంటాయి. మూస్ కనబడితే కూత ఆపి చెట్టు చాటుకు జరగండి.

10. బాణం, ఆ తర్వాత

పోతు నడుస్తుంటే నోట్లోని పీకతో ఒక చిన్న మ్యూ. ఆగుతుంది. ఆ రెండు సెకన్లే మీవి. పూర్తిగా పక్కకు తిరిగి గానీ, కొంచెం అటు తిరిగి గానీ నిలబడినప్పుడే వేయండి. గురి ముందుకాలు వెనక, ఒంటి ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర. మీకెదురుగా తిరిగి ఉన్నదాన్ని వదిలేయండి. ఎంత దగ్గరున్నా వదిలేయండి. ప్రాణం తీస్తున్నప్పుడు అది బాధపడకుండా పోయేలా చూడడం మన బాధ్యత.

బాణం తగిలిన మరుక్షణం మళ్ళీ మ్యూ కూయండి, వెనకున్నవాడు బ్యూగుల్ వేయాలి. ఏం జరిగిందో దానికి తెలియదు, చాలాసార్లు ఎనభై గజాల్లోనే ఆగి వెనక్కి చూస్తుంది.

తర్వాత గడియారం చూసుకోండి.

- ఊపిరితిత్తుల దెబ్బ, నురగతో లేత ఎర్రటి నెత్తురు: 30 నుంచి 45 నిమిషాలు ఆగాలి.
- కాలేయం, ముదురు ఎరుపు: 4 నుంచి 6 గంటలు.
- పేగులు, బాణం మీద పచ్చటి పసరు, వాసన: 8 నుంచి 12 గంటలు. తొందరపడి వెంటపడితే మైళ్ళ దూరం పోతుంది, దొరకదు.

పడ్డాక ముందు లైసెన్సు ట్యాగు చించి, సంతకం పెట్టి, తేదీ వేయండి. పోతు 300 కిలోలు దాటుతుంది, ఎముక తీశాక 200 పౌన్ల మాంసం మిగలొచ్చు. సెప్టెంబరు మధ్యాహ్నం ఎండకు అది పాడవడానికి ఎంతోసేపు పట్టదు. అందుకే పొట్ట కోయకుండా ముందు పైతోలు తీసి, తొడలు, జబ్బలు, వీపు కండలు, లోపలి మెత్తటి కండలు విడివిడిగా తీసి గుడ్డ సంచుల్లో వేయండి. నీడలో, గాలి ఆడేలా కొమ్మకు వేలాడదీయండి. తినదగిన మాంసం అడవిలో వదిలేయడం నేరం. మగదని తెలిపే భాగం ఒక ముక్కకు అతికే ఉండాలి, దాన్ని కోసేయకండి. మీ యూనిట్‌లో క్రానిక్ వేస్టింగ్ వ్యాధి (జింక జాతికి వచ్చే ప్రాణాంతక మెదడు జబ్బు) పరీక్ష ఉంటే తల కూడా మోసుకు రండి, ఫలితం వచ్చేదాకా ఆ మాంసం వండకండి.

ఇద్దరికి నాలుగైదు మోతలు పడుతుంది. మొదటి మోతలో వీపు కండలు తీసుకెళ్ళి కారులో ఐసు పెట్టెలో పెట్టండి, తొడలు చివరి మోతకు ఉంచినా చలి రాత్రికి ఆగుతాయి. చీకట్లో తిరిగి వచ్చేటప్పుడు మాంసం దగ్గరికి మాట్లాడుకుంటూ, దీపం వేసుకుని వెళ్ళండి. ఈలోగా అక్కడికి ఎలుగు వచ్చి ఉండొచ్చు.